పెస్ 2021: అందరూ వదిలేసే ఆ మూడో బొమ్మ

పెస్ 2021 అనే ఈ ఫుట్‌బాల్ వీడియో గేమ్ గ్రాఫిక్స్, లైసెన్సులు, కామెంటరీ గురించి అందరూ ఎప్పుడో రాసేశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. 2020 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆట డిస్కు ఇప్పటికీ నా పాత పీఎస్4లోనే ఉందంటే దానికి కారణం ఒక్కటే, గేమ్ ప్లాన్ మెనూలో ఉండే ఫ్లూయిడ్ ఫార్మేషన్. అది ఆన్ చేస్తే జట్టుకి మూడు ఫార్మేషన్లు, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో చూపే బొమ్మలు, విడివిడిగా గీసుకోవచ్చు: కిక్‌ఆఫ్‌కి ఒకటి, బంతి మన దగ్గరున్నప్పుడు ఒకటి, అవతలివాడి దగ్గరున్నప్పుడు ఇంకొకటి. ఆన్ చేసినవాళ్లలో చాలామంది రెండో బొమ్మతోనే కుస్తీ పడతారు, మూడోదాన్ని ముట్టుకోరు.

నా జట్టు జర్మనీ క్లబ్ బయర్న్. కిక్‌ఆఫ్‌కి 4-2-3-1, అంటే గోల్‌కీపర్ ముందు నుంచి వరసగా నలుగురు, ఇద్దరు, ముగ్గురు, ఒకడు. బంతి మా దగ్గరున్నప్పుడు కిమ్మిచ్ రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) నుంచి లోపలికి వచ్చి మిడ్‌ఫీల్డర్ గోరెట్స్కా పక్కన నిలబడతాడు, ఎడమవైపు డిఫెండర్ డేవిస్ పైకి పోకుండా సూలే, అలాబాలతో వెనకే ఉంటాడు, టోలిసో ముందుకెళ్లి మ్యూలర్‌కి జత అవుతాడు, మొత్తం కలిపి 3-2-4-1. ఇందులో నా తెలివేం లేదు, గ్వార్డియోలా బయర్న్ కోచ్‌గా ఉన్న రోజుల్లో లామ్‌తో చేయించిన పనే ఇది. పైగా కిమ్మిచ్‌కి రెండు పొజిషన్లూ వచ్చు కాబట్టి సరిపోయింది, రానివాడిని అలా పెడితే రేటింగ్ ఢమాల్‌మని పడిపోతుంది.

అసలు సంగతి మూడో బొమ్మలో ఉంది. మా బావ జువెంటస్ తప్ప ఇంకో జట్టు ముట్టుకోడు. ఎడమవైపు రొనాల్డో, అతని వెనక అలెక్స్ సాండ్రో, ఎప్పుడూ అదే దారి, అదే గోల్. ఆ ఇద్దర్నీ ఆపడానికి బంతి లేనప్పటి బొమ్మలో మా కుడి వింగర్ గ్నాబ్రీని బాగా కిందికి, కిమ్మిచ్‌కి దాదాపు ఆనించి పెట్టా. అప్పుడు ముందు లెవాండోస్కీ, మ్యూలర్ పక్కపక్కనే మిగిలారు. గ్నాబ్రీ వదిలేసిన కుడి మూల బోసిగా కనిపించి మ్యూలర్‌ని అటు జరిపా. అంతే, పెద్దగా ఆలోచించి చేసిందేం కాదు.

ఆ రోజు సెకండ్ హాఫ్‌లో రొనాల్డోకి బంతి అందింది, బావ ఎప్పట్లాగే లోపలికి తిప్పాడు, అక్కడ ఇద్దరున్నారు కాబట్టి కిమ్మిచ్ కాలు తగిలి బంతి గ్నాబ్రీ ముందు పడింది. ఇంతవరకూ అనుకున్నదే. లెవాండోస్కీ ఎక్కడున్నాడా అని తెర కింద ఆటగాళ్లని చుక్కలుగా చూపే రాడార్ చూస్తే కుడి అంచున ఒక చుక్క ఒంటరిగా ఉంది. మ్యూలర్! సాండ్రో రొనాల్డోకి సాయంగా సగం గ్రౌండ్ దాటి వచ్చేశాడు, అతని వెనక మనిషన్నవాడు లేడు. ఆ ఖాళీలోకి త్రూ బాల్ వేశా. మ్యూలర్‌కి పెద్ద స్పీడేం లేదు, అయినా పట్టుకునేవాడు ఉంటే కదా. సెంటర్ బ్యాక్ మీదికి రాగానే అడ్డంగా ఇచ్చేశా, లెవాండోస్కీ తోసేశాడు. బావ పాజ్ నొక్కి, నా వైపు చూసి, "లక్కు బావా" అన్నాడు.

లక్కనే నేనూ అనుకున్నా. కానీ తర్వాత మ్యాచ్‌లోనూ అదే జరిగింది, ఆ తర్వాత కూడా. బంతి దొరకగానే పదిమందీ ఠక్కున రెండో బొమ్మలోకి దూకరు కదా, పరుగెత్తుకుంటూ రావాలి. ఆ రెండు మూడు సెకన్లు మ్యూలర్ ఇంకా మూడో బొమ్మలో ఉన్నచోటే ఉంటాడు. అంటే డిఫెన్స్ కోసమని గీసుకున్న బొమ్మే నా కౌంటర్ ఎటాక్ (బంతి లాక్కోగానే చేసే ఎదురుదాడి) ఎక్కడ మొదలవ్వాలో కూడా చెప్పేస్తోంది. తర్వాత అడ్వాన్స్‌డ్ ఇన్‌స్ట్రక్షన్లలో మ్యూలర్‌ని కౌంటర్ టార్గెట్‌గా, అంటే డిఫెన్స్‌కి రాకుండా ముందే ఉండేవాడిగా పెట్టా, ఇక కిందికి దిగడం దాదాపు మానేశాడు.

అయితే ఆ సెకన్లే బంతి మనం పోగొట్టుకున్నప్పుడు ఎదురు తిరుగుతాయి. కిమ్మిచ్ నడిమధ్యలో ఉంటాడు, కుడివైపు గేటు బార్లా తెరిచి ఉంటుంది, రొనాల్డోకి ఇంకేం కావాలి. గ్నాబ్రీ మ్యాచంతా ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగి డెబ్భయ్యో నిమిషానికల్లా ఆయాసపడుతుంటాడు, ఒక సబ్‌స్టిట్యూషన్ అతనికే పోతుంది. పైగా బావ ఊరుకున్నాడా, సాండ్రోని ముందుకి రాకుండా కట్టేశాడు. అప్పట్నుంచి మ్యూలర్ అక్కడ ఊరికే నిలబడి ఉంటున్నాడు, పది గోల్స్ వచ్చే చోట ఇప్పుడు ఒకటో రెండో. కాకపోతే సాండ్రో రాకపోవడంతో రొనాల్డో కూడా ఒంటరివాడయ్యాడు, అది నాకు లాభమే.

వెనకబడినప్పుడు ఆఖరి పది నిమిషాల కోసం ముందే దాచుకున్న ఇంకో ప్లాన్‌లో (ప్రీసెట్) డిఫెండర్ సూలేని సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టుకున్నా. నవ్వకండి, అప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపారు, ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు కూడా. మా సూలే మాత్రం ఇంతవరకూ పొడిచిందేం లేదు.

కొనమంటానా అంటే, నేను ఆడేది ఆదివారాలు, సోఫాలో, ఒకే మనిషితో. అవతలివాడి అలవాట్లు తెలుసు కాబట్టే నా మూడో బొమ్మకి అంత విలువ. కంప్యూటర్‌తో ఆడినప్పుడు నాకంత తేడా కనిపించలేదు, ఆఫీసు నుంచి వచ్చి ఒక మ్యాచ్ ఆడి పడుకునేవాళ్లకి ఈ మెనూల్లో అరగంట కూర్చోవడం విసుగే. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికి, పక్కన మా బావలాంటి మొండివాడు ఒకడుంటే తీసుకోండి. అతను జువెంటస్ కాకుండా రైట్ వింగ్ నుంచి ఆడే జట్టు తీసుకుంటే మాత్రం బొమ్మంతా తిరగేసి గీసుకోవాలి, ఎడమవైపు మ్యూలర్ ఎలా ఉంటాడో నేనింకా ఆడి చూడలేదు.