లాగోస్‌లో సుయా: రెండు పొయ్యిలు, మూడు సాయంత్రాలు

అక్కావాళ్లు లాగోస్‌లో మెయిన్‌ల్యాండ్ వైపు, ఇలుపెజులో ఉంటారు. దిగిన మర్నాడే బావగారిని అడిగాను, ఇక్కడ తప్పకుండా తినాల్సింది ఏంటని. "సుయా. ఇంటికి తెచ్చుకుంటే లాభం లేదు, పొయ్యి దగ్గరే తినాలి" అన్నారు.

సుయా నైజీరియా ఉత్తరాది హౌసా వాళ్లది. దక్షిణాన ఉన్న లాగోస్‌లో కూడా చీకటి పడితే సందుల్లో ఆ పొగే. మాంసాన్ని ఆకులా పలుచగా కోసి, పుల్లలకు గుచ్చి, యాజి అనే పొడి పట్టించి, వేరుశనగ నూనె చిలకరించి బొగ్గుల మీద కాలుస్తారు. రుచి మాంసంలో కన్నా ఆ యాజిలోనే ఎక్కువ ఉందని నాకు అనిపించింది. పల్లీలను ముద్దగా నూరి, నూనె పిండేసి, మిగిలిన ముద్దను వేయిస్తే కులికులి అంటారు. దాన్ని దంచి ఎండుమిర్చి, అల్లం పొడి, లవంగం, ఉప్పు కలుపుతారు. తెలగపిండితో కూర వండుకునే మనకు ఇది కొత్త ఆలోచనేం కాదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఇంట్లో పల్లీకారం గుర్తొచ్చింది, దానికి పొగ వాసన తోడైంది.

మొదటి సాయంత్రం ఐలాండ్ వైపు, అంటే ఊళ్లో దీవుల మీదున్న భాగంలో, ఇకోయిలోని గ్లోవర్ కోర్ట్‌కి వెళ్లాం. లాగోస్‌లో సుయా అనగానే చాలామంది ముందు చెప్పే పేరు ఇదే. ఇలుపెజు నుంచి థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి మీదుగా వెళ్లాలి. వంతెన పొడవు దాదాపు 12 కిలోమీటర్లు, ఆఫీసులు వదిలే వేళ ఆ దూరం గంటన్నర పట్టింది. ఇక్కడ ట్రాఫిక్ జామ్‌ను గో-స్లో అంటారు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోయారు.

జనం బాగా ఉన్నారు కానీ పని చకచకా జరుగుతోంది. సుయా కాల్చే ఆయన్ని మై సుయా అంటారు. మా మై సుయా కాలిన పుల్లను చెక్క మీద పెట్టి, ముక్కలు దూసి, కత్తితో మళ్లీ చిన్నగా కోశాడు. పాత పేపరు పరిచి, మీద ఇంకో కాగితం వేసి, ముక్కలు పోసి, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, టమాటా చల్లి, "పెప్పర్?" అని అడిగాడు. బావగారు "స్మాల్ స్మాల్" అన్నారు. అంటే కొంచెం. నేను పూర్తిగా వెయ్యమన్నాను. పొట్లం చేతికొచ్చేసరికి నూనె పైకి ఊరి, పేపర్లో ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ అద్దంలా పారదర్శకంగా అయింది. కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. మాంసం మెత్తగా, అంచులు కరకరలాడుతూ ఉంది. కందనకాయ ఇంకా బాగుంది.

ఒక మాట ముందే చెప్పాలి. సుయా అంటే ముఖ్యంగా బీఫ్. బావగారు తినరు కాబట్టి చికెన్ తీసుకున్నారు. కానీ చాలాచోట్ల పొయ్యి, చెక్క, కత్తి అన్నిటికీ ఒకటే. పట్టింపు ఉన్నవాళ్లు వేరే కత్తితో కొయ్యమని అడగాలి. నవ్వుతూ అడిగితే చేస్తారు, మాకు చేశారు.

రోజూ వంతెన దాటలేక తర్వాత రెండు రాత్రులు ఐలాండ్ వైపే ఒక గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, కాపలా బాగుంది. కానీ కరెంటు పోయినప్పుడల్లా కిటికీ కిందే జనరేటర్ మొదలయ్యేది. నాకు రెండు రాత్రులూ సరిగా నిద్రలేదు. గది తీసుకునేముందు జనరేటర్ ఎటువైపు ఉందో అడగండి, ఇది లాగోస్‌లో చాలా ముఖ్యం.

రెండో సాయంత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒబలెండే. బస్సుల రద్దీ, హారన్లు, మనుషుల తోపులాట. పిల్లల్ని తీసుకెళ్లే చోటు కాదు. గ్లోవర్ కోర్ట్‌లో ఒక పొట్లానికి పెట్టిన డబ్బుకు ఇక్కడ రెండు వచ్చాయి. కారం గట్టిగా తగిలింది, కళ్లలో నీళ్లొచ్చాయి. కొన్ని ముక్కలు గట్టిగా ఉన్నాయి, కొవ్వు ముక్కలు మాత్రం అద్భుతం. పక్కనే మాసా అమ్ముతున్నారు. బియ్యప్పిండి పులియబెట్టి గుంతల పెనం మీద కాల్చినవి, అచ్చం మన గుంతపొంగనాలే. యాజి అద్దుకుని తింటే ఆ రాత్రికి ఇంకేం అక్కర్లేదనిపించింది.

కుటుంబంతో వెళ్తే గ్లోవర్ కోర్ట్ అంటాను. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, తోడుగా ఊరు తెలిసినవాళ్లు ఉంటే ఒబలెండే. ఎక్కడైనా ఏడు, ఎనిమిది మధ్య వెళ్లండి. చాలాచోట్ల ముందే సగం కాల్చి పెట్టుకుని, అడిగినప్పుడు మళ్లీ వేడి చేస్తారు. గిరాకీ ఎక్కువగా ఉన్న చోట పుల్లలు నిలవ ఉండవు. ధర ముందే అడగండి.

మూడో సాయంత్రం బావగారి మాట వినకుండా ఒక పొట్లం ఇంటికి తెచ్చాను. చేరేసరికి కొవ్వు గడ్డకట్టింది, ఉల్లిపాయలు నీళ్లు వదిలి యాజి తడిసిపోయింది. అక్క ఏమీ అనకుండా పెనం మీద వేడి చేసి పెట్టింది, కానీ ఆ రుచి లేదు.

వచ్చేటప్పుడు మై సుయా దగ్గర విడిగా యాజి కొనుక్కున్నాను. అక్క అయితే ఎప్పటినుంచో దాన్ని బంగాళాదుంప వేపుడులో వేస్తోంది. "ఇంటికెళ్లగానే గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. పల్లీ కదా, బయట ఉంచితే పాత నూనె వాసన వస్తుంది" అని రెండుసార్లు చెప్పి సూట్‌కేసులో సర్దింది.