కంగారూల కోసమైతే హాల్స్ గ్యాప్‌లో ఒక రాత్రి ఉండాల్సిందే

మెల్బోర్న్‌కి వచ్చిన అమ్మానాన్నలకు కంగారూలను చూపించాలంటే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది హీల్స్‌విల్ శాంక్చువరీ అనే జంతువుల పార్కు. ఊరికి గంట ప్రయాణం, నడవడానికి దారులు బాగుంటాయి, బాతు ముక్కుండే ప్లాటిపస్‌నూ చూడొచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నేనూ అదే చెప్తాను. కాకపోతే మధ్యాహ్నం వెళ్తే కంగారూలు నీడన పడుకుని ఉంటాయి. ఎండపూట విశ్రాంతి తీసుకుని, సాయంత్రం, తెల్లవారుజామున మేయడం వాటి అలవాటు. అందుకే అవి బతికే తీరు చూడాలంటే గ్రాంపియన్స్ కొండల నడుమ ఉన్న హాల్స్ గ్యాప్‌కి వెళ్ళండి. మెల్బోర్న్ నుంచి సుమారు 250 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు.

పొద్దు వాలుతుంటే ఊరి ఆటస్థలంలోకి ఈస్టర్న్ గ్రే కంగారూలు మేతకొస్తాయి. టికెట్ లేదు. మేసేటప్పుడు అవి గెంతవు. ముందు కాళ్ళు, తోక నేలకు ఆనించి, వెనక కాళ్ళు రెండూ ఒక్కసారే ముందుకు వేస్తాయి. అప్పుడు తోకే అయిదో కాలు. మా ముందు ఒక తల్లి గడ్డి కొరుకుతుంటే, సంచిలోంచి తల బయటపెట్టిన పిల్ల కూడా అక్కడి గడ్డే అందుకుని నమిలింది. ఈ పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంత, గ్రాము బరువు కూడా ఉండదు. కళ్ళైనా తెరవకుండానే తల్లి బొచ్చు పట్టుకుని, తనంతట తానే సంచిలోకి పాకి చన్ను అందుకుంటుంది. దాదాపు 11 నెలలకు సంచి వదిలాక కూడా చాలా నెలలు తల లోపలికి దూర్చి పాలు తాగుతుంది. అప్పటికి సంచిలో ఇంకో పసికూన ఉంటే, దానికి వేరే చన్ను, వేరే రకం పాలు. ఇదంతా తెలిసి చూస్తుంటే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

బసకు వంటగది ఉన్న క్యాబిన్ మంచిది. ఊరు చిన్నది, హోటళ్ళు తొందరగా మూసేస్తారు. శాకాహారులు బియ్యం, పచ్చడి వెంట తెచ్చుకోండి. మేం దిగిన చోట హీటర్ పనిచేయలేదు, ఫోన్ చేసినా ఎవరూ రాలేదు. చలికాలమైతే హీటర్ సంగతి బుకింగ్ ముందే అడగండి.

కంగారూలకు బ్రెడ్డు మాత్రం పెట్టకండి, వాటి దవడలకూ కడుపుకూ హాని. పెద్ద మగవాటికి దూరంగా ఉండండి. తోక మీద బరువు మోపి రెండు కాళ్ళతో తన్నగలవు. చీకటి పడ్డాక కారు తీయొద్దు, హఠాత్తుగా రోడ్డు మీదకు గెంతుతాయి. అద్దె కారైతే, రాత్రిపూట జంతువును గుద్దితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే చూసుకోండి.