గుండ్రాల షెల్సా, ఎస్ పి డి ఎఫ్‌లా?

పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో చెప్పడానికి మా టైంలో తొమ్మిదో క్లాసులో గుండ్రాలు (అవే షెల్స్) గీయించి 2, 8, 8 అని ఎలక్ట్రాన్లకి చుక్కలు పెట్టించేవాళ్లు, ఏడాది తిరక్కుండానే పదిలో ఒక్కో షెల్‌ని ఎస్, పి, డి, ఎఫ్ అనే అరలుగా విడగొట్టి 1ఎస్ 2ఎస్ 2పి అని మొదలయ్యేది, దాంతో ముందు నేర్చుకున్నదంతా తప్పా అని డౌటు. తప్పేం కాదు, ఎక్కడిదాకా పనికొస్తుందో తెలిస్తే చాలు.

బోర్ 1913లో చెప్పిన షెల్స్ లెక్క మొదటి 20 మూలకాలకి హాయిగా సరిపోతుంది. సోడియం 2, 8, 1, చివర్లో ఉన్న ఆ ఒక్కదాన్ని వదిలించుకుంటుంది, క్లోరిన్ 2, 8, 7, దానికి ఒకటి కావాలి, ఉప్పు ఎలా తయారైందో అర్థమైపోయింది.

చిక్కంతా పొటాషియంతోనే. మూడో షెల్లో 18 పడతాయని ఫార్ములా చెప్తుంది కదా, మరి 8 దగ్గరే ఆగిపోయి 19వ ఎలక్ట్రాన్ నాలుగో దాంట్లో ఎందుకు కూర్చుంది? గుండ్రాల బొమ్మలో దీనికి ఆన్సర్ దొరకదు, బట్టీ పట్టాల్సిందే. రెండో పద్ధతిలో, అంటే ఎస్ పి డి ఎఫ్‌లో ఐతే, అక్కడ 4ఎస్ ఎనర్జీ 3డి కన్నా తక్కువ, అందుకే అది ముందు నిండుతుంది, అంతే. ఇనుము 2, 8, 14, 2 ఎందుకైందో కూడా ఇక్కడే తెలుస్తుంది, 4ఎస్‌లో 2 నిండాక మిగతా 6 మూడో షెల్లోని 3డిలోకి వెళ్తాయి, అక్కడి 8 కాస్తా 14 అవుతుంది. అసలు పీరియాడిక్ టేబుల్ ఆకారమే ఇది, ఎస్‌లో పట్టేవి 2 కాబట్టి ఎడమవైపు 2 నిలువు వరసలు, పికి కుడివైపు 6, డికి మధ్యలో 10, ఎఫ్‌కి కింద విడిగా 14. నాకు ఇది తట్టిన రోజు భలే అనిపించింది!

క్రోమియం, రాగి మాత్రం ఈ పద్ధతిలోనూ మొండికేస్తాయి, 4ఎస్‌లో రెండుకి బదులు ఒక్కటే పెట్టుకుంటాయి.

ఇంటర్ వాళ్లకి ఎస్ పి డి ఎఫ్ తప్పదు. చిన్నపిల్లలకైతే నేను గుండ్రాలతోనే మొదలెడతా, 20వ మూలకం కాల్షియం దగ్గర ఆపేస్తా.