స్టీరింగ్ బాగుపడుతదని 17 ఇంచుల అల్లాయ్‌లు వేయించి రూ.52 వేలు పోగొట్టుకున్న, మీరు జాగ్రత్త

అన్నలూ, తమ్ముళ్లూ, నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఎవరైనా కారుకు పెద్ద అల్లాయ్‌లు (అల్యూమినియం రిమ్ములు) వేయిద్దామని చూస్తున్నరా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయను, జరిగింది మాత్రం మొత్తం చెప్త.

నాది 2018 స్విఫ్ట్ వీఎక్స్ఐ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న. కంపెనీ టైర్లు 165/80 ఆర్14 (వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 ఇంచులు), ఇనుప రిమ్ములు. ఊర్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి 90 దాటితే మాత్రం స్టీరింగ్ తేలిపోయినట్టు ఉండేది. లారీ పక్కనుంచి పోతే బండి ఊగేది. 2024 దసరా ముందు షాపుకు పోయి ఇదే చెప్పిన. ఆయన బండి కిందికి వంగి చూడలే, గాలి కూడా చూడలే. "17 ఇంచులు వేయించన్నా, రోడ్డుకు అతుక్కొని పోతది" అన్నడు. 7 ఇంచుల వెడల్పు రిమ్ములు, 205/45 ఆర్17 టైర్లు. నా పాతవి తీసుకున్నంక కూడా రూ.52 వేలు అయింది.

మొదటి రోజు నిజంగానే సంబరపడ్డ. మలుపులో స్టీరింగ్ తిప్పంగనే బండి తిరుగుతున్నది. రెండో వారానికి అసలు సంగతి బయటపడ్డది. 80 దాటితే స్టీరింగ్ చేతిలో వణుకుతది. పొలాల కాడి రోడ్ల మీద కేజ్ వీల్ ట్రాక్టర్లు గీసిన గీతలుంటయి కదా, టైరు ఆ గీతల వెంబడే బండిని గుంజుకపోతది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర టైరు మడ్‌గార్డ్‌కు రాసుకుంటది. తిప్పర్తి దాటినంక ఒక గుంతలో పడితే ముందు ఎడమ రిమ్ము అంచు వంగింది. పాత టైరు పక్క గోడ 132 మిల్లీమీటర్లు, దీనిది 92. గుంత దెబ్బ మింగే రబ్బరు అంత తగ్గితే ఆ దెబ్బ రిమ్ముకే తగులుతది.

షాపాయన రెండుసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం బరువు అన్ని పక్కలా సమం చేసుడు) చేసిండు. వణుకు పోలే. చివరికి మిర్యాలగూడలో ఒక పెద్దమనిషి మెకానిక్ దగ్గరికి పోయిన. ఆయన చక్రం ఊడదీసి, హబ్బు (బండికి చక్రం బిగించే నడిమి భాగం) మీద ఊరికే ఆనించి, "వేలు పెట్టి చూడు కొడుకా" అన్నడు. నా చిటికెన వేలి కొన ఆ సందులో దూరింది. స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు, ఆ రిమ్ము నడిమి రంధ్రం 67.1. అంటే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల సందు. దాన్ని నింపే హబ్ రింగులు వేయనే లేదు. రిమ్ము మొత్తం నట్ల మీదే నిలబడ్డది, వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా వణుకు తప్పదు. బ్యాలెన్సింగ్ మిషన్ మీద రిమ్ము కోన్ మీద నడిమధ్య కూర్చుంటది కాబట్టి అక్కడ తప్పు దొరకదు. రిమ్ము ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి కూర్చుంటదో చెప్పే లెక్క, అది కూడా కంపెనీ దానికంటే తక్కువ. అందుకే చక్రం బయటికి జరిగింది, గుంత దెబ్బ నేరుగా స్టీరింగ్‌కు వస్తున్నది, బేరింగ్ మీద బరువు పెరిగింది.

తర్వాత టైరు లోపలి వైపు టార్చ్ వేసి చూపించిండు. టైరు తయారైన తేదీ నంబరు పూర్తిగా ఒక పక్కనే ఉంటది, వాళ్లు ఆ పక్కను లోపలికి పెట్టి బిగించిండ్రు. 3119. అంటే 2019లో 31వ వారం. కొత్త టైర్లని ఐదేండ్ల సరుకు అంటగట్టిండ్రు. ఇది చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలే. ఆ టైర్ల మీదనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని తిరిగిన. టైరు మోసే బరువు చెప్పే లోడ్ ఇండెక్స్ కూడా 84, అంటే టైరుకు 500 కిలోలు. కంపెనీది 85, 515 కిలోలు.

ఇంతకూ మొదట్లో స్టీరింగ్ ఎందుకు తేలింది? ఆ మెకానిక్ ముందరి చక్రాన్ని గాల్లోకి లేపి, రెండు పక్కలా పట్టి ఊపిండు. టక్ టక్‌మని చప్పుడు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ అరిగింది. రెండు వైపులా మార్చి అలైన్‌మెంట్ చేయిస్తే రూ.2 వేలు కూడా కాలే. ఆ రోజు షాపులో ఒక్కడు చక్రం ఊపి చూసినా నా 52 వేలు మిగిలేవి.

ఇప్పుడు పై మోడల్ జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చే సైజే, 185/65 ఆర్15, కంపెనీ రిమ్ములతో వేయించిన. చుట్టుకొలత దాదాపు అంతే, స్పీడోమీటర్ తేడా రాదు. గాలి డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ చూసి చల్లటి టైర్లలోనే కొట్టిస్త. హైవే మీద స్టీరింగ్ నడిమధ్య నిలబడుతున్నది, రోడ్డు చేతికి తెలుస్తున్నది. నేను మొదటి నుంచి అడిగింది ఇదే.

మీరు పోతే పైసలిచ్చే ముందే ఒక రిమ్మును మీ బండి హబ్బు మీద పెట్టించి వేలితో సందు చూడండి. రింగులు ఉన్నయా అని అడగండి. టైరు రిమ్ముకు ఎక్కించకముందే తేదీ నంబరు ఫోటో తీసుకోండి, సైజు, తేదీ బిల్లు మీద రాయించండి. నాకు తెల్ల కాగితం మీద మొత్తం ఒక్కటే రాసిచ్చిండ్రు, అడగడానికి పోతే వాపస్ లేదని చెప్పి పంపిండ్రు.

వంగకుండా మిగిలిన మూడు రిమ్ములు మా ఇంట్లో వడ్ల బస్తాల పక్కన ఉన్నయి. పోయిన వారం ఒక తమ్ముడు తన స్విఫ్ట్‌కు కావాలని వచ్చిండు. హబ్బు సందు చూపించి, ఇయ్యనని చెప్పి పంపిన.