తిరుపతి పాత స్టేడియం: ఫుట్‌బాల్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

ఏళ్ల తరబడి పిల్లలను ఆడిస్తున్న గ్రౌండ్ ఇది. గ్యాలరీ బాగుందా లేదా అన్నది తర్వాత, ఫుట్‌బాల్‌కు ముందు చూడాల్సింది నేల.

పాత స్టేడియాలు ఒక్క ఆటకోసం పుట్టలేదు. హైదరాబాద్ ఫతే మైదాన్‌నే చూడండి. ఫుట్‌బాల్ ఆడిన ఆ నేలమీదే 1955లో న్యూజిలాండ్‌తో టెస్టు జరిగింది, 1967లో అది లాల్‌బహదూర్ స్టేడియమైంది. ఇక్కడా అదే తీరు: చుట్టూ 400 మీటర్ల ట్రాక్, నడుమ క్రికెట్ పిచ్.

ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు. 105 × 68 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం గీస్తే పడుతుంది గానీ, కార్నర్ జెండా నుంచి ట్రాక్ అంచుకు మీటరే మిగులుతుంది. కార్నర్ కొట్టేవాళ్లు ట్రాక్ మీదినుంచి పరుగెత్తుకు రావాలి. 100 × 64 గీయండి, మూడున్నర మీటర్లు దొరుకుతాయి. గీతలకు ముగ్గుపిండే వాడాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం.

క్రికెట్ పిచ్ పొడవు 20.12 మీటర్లు, సెంటర్ సర్కిల్ దాటి రెండు కొసలా దాదాపు మీటరు బయటికొస్తుంది. రోలర్ తిరిగిన బంకమట్టి కదా, అక్కడ పడ్డ బంతి చుట్టూ ఉన్న ఎర్రనేల మీదకంటే ఎక్కువ ఎగురుతుంది. వాన పడితే మొదట జారేదీ అదే.

అసలు తలనొప్పి గోల్ ముందు. గోలీ కాళ్లకింద మట్టి లేచిపోయి గుంట పడుతుంది, నీళ్లు నిలుస్తాయి. అడ్డకమ్మీ కింద టేపు పెట్టి చూడండి: 2.44 మీటర్లు ఉండాల్సింది పెరిగి కనిపిస్తే నేల దిగిందన్నమాట. పైమట్టిని గడ్డపారతో గుల్లచేసి, తడిపి, ఎర్రమట్టిని రెండేసి అంగుళాల పొరలుగా వేసి ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టాలి. తట్టలకొద్దీ ఒకేసారి పోస్తే పైన గట్టిపడుతుంది, అడుగున వదులుగానే ఉంటుంది, నాలుగాటలకే మళ్లీ గుంట. ఈ పని శ్రద్ధగా చేసిన ఏడాది గ్రౌండే మారిపోతుంది.

బూట్ల అడుగున పట్టుకోసం ఉండే స్టడ్లు పొట్టి రబ్బరువైతే చాలు. పొడవాటివి ఈ నేలలో దిగవు, చీలమండ మడతపడుతుంది. బంతిలో గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (పంపు మీటరు చూపే కొలత) వరకు నిబంధన ఒప్పుకుంటుంది, ఇక్కడికి 9 సరిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆటకు ముందు మడమతో నొక్కి చూడండి. గుంట పడితే ఆరోజు ఆపేయాల్సిందే. తడినేలలో పడిన అడుగులు ఎండి రాయిలా బిగుసుకుంటే మళ్లీ తడిపి రోలర్ లాగేదాకా పోవు.