సన్నపళ్ళ స్టీల్ గ్రేటర్: అల్లానికి కొనండి, మసాలాలకు కాదు

జానెడు పొడవున పట్టీలా ఉండే సన్నపళ్ళ స్టీల్ గ్రేటర్‌ని అన్ని మసాలాలకూ పనికొస్తుందని చెప్పి అమ్ముతుంటారు. ఆ మాట నమ్మి కొనకండి. అల్లం కోసమైతే మాత్రం తప్పకుండా కొనండి.

అల్లంలో పీచు ముక్క పొడవునా సాగి ఉంటుంది. మిక్సీలో అది నలగక బ్లేడుకు చుట్టుకుంటుంది. తిరగడానికని నీళ్ళు పోస్తాం, ఆ నీళ్ళ వల్ల నూనెలో వేయగానే ముద్ద చిమ్ముతుంది, వేగాల్సింది ఉడుకుతుంది. అదే అల్లాన్ని అడ్డంగా కోసి, కోసిన వైపు గ్రేటర్ పళ్ళకు ఆనించి రుద్దితే పీచు పొట్టిపొట్టిగా తెగుతుంది, కొంత ముక్క చివరే కుచ్చులా మిగిలిపోతుంది. కింద పడేది వెన్నలాంటి గుజ్జు. ముక్కను పడుకోబెట్టి పొడవునా రుద్దారంటే పీచంతా పళ్ళలో ఇరుక్కుని, కాసేపటికే ముక్క జారడం మొదలవుతుంది. గ్రేటర్ మొద్దుబారిందని చాలామంది పక్కన పడేసేది ఇక్కడే. ముదురు అల్లాన్ని రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, గడ్డగా ఉండగానే తురిమితే ఈ బాధ దాదాపు ఉండదు.

దీని విలువ బాగా తెలిసేది వేసవి పానీయాల్లో. నలుగురికి 50 గ్రాముల అల్లం తురిమి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండితే సుమారు నాలుగు చిన్న చెంచాల రసం వస్తుంది. వెంటనే కలిపేయకండి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది పిండి. అది కలిస్తే పానీయం సుద్దలా నాలుకకు తగులుతుంది, వేడి పాకంలో పడితే చిక్కబడుతుంది కూడా. పైన తేరినదాన్ని వంచుకుని 800 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు, మూడు నిమ్మకాయల రసం, 80 గ్రాముల చక్కెరతో కాచి చల్లార్చిన పాకం, అర చెంచా వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు కలపండి. మూడు చెంచాల అల్లం రసంతో మొదలుపెట్టి, రుచి చూశాక నాలుగోది వేయండి. పొయ్యి మీద ఉన్న పాకంలో రసం పోస్తే పచ్చి అల్లం సువాసన ఆవిరితో పోతుంది.

ఘాటు కూడా అంతే, వేడికి మారుతుంది. పచ్చి అల్లంలో ఉండే జింజెరాల్ అనే ఘాటు పదార్థం ఎండితే షోగాల్‌గా మారి మరింత ఘాటెక్కుతుంది, శొంఠి మంట అదే. ఉడికితే కొంత జింజెరోన్‌గా మారి మెత్తబడుతుంది. అందుకే కూరలో తురుమును రెండుసార్లుగా వేయాలి: సగం ఉల్లిపాయలతో, సగం దించే ముందు. పాలలో వేసేదైతే తురుమును ముందు నీళ్ళలో రెండు మూడు నిమిషాలు బాగా మరిగించండి. పచ్చి అల్లంలోని ఎంజైము పాలను విరిచేస్తుంది, మరిగితే దాని పని ఆగిపోతుంది.

ఇక మసాలాల సంగతి. ఒక్క జాజికాయకు మాత్రం ఇది అద్భుతం, నాలుగు రుద్దులు చాలు, గాలికే ఎగిరేంత సన్నటి పొడి వస్తుంది. దాల్చినచెక్క పెళుసుగా విరిగి పెళ్ళలు పడుతుంది. మిరియాలు, యాలకులు పట్టుకోవడానికే వీలుకాదు, వాటికి చిన్న రోలే మేలు.

కొనేటప్పుడు పిడి, పట్టీ కలిసేచోట సందు లేకుండా చూసుకోండి. అల్లం గుజ్జు అందులో చేరితే కడిగినా రాదు. తురిమిన వెంటనే వెనకవైపు నుంచి నీళ్ళ ధార పెట్టి, పళ్ళు వాలిన దిక్కుకే బ్రష్‌తో తోమండి. ఆరనిస్తే పిండి అతుక్కుపోతుంది, స్పాంజి పెడితే చిరిగి పళ్ళలో ఉండిపోతుంది. చివరి అంగుళం ముక్కను తురమాలని చూడకండి, వేళ్ళు తెగుతాయి. దాన్ని దంచి మరిగే నీళ్ళలో వేసుకోవచ్చు. పళ్ళలో ఇరుక్కున్న పీచు సరిగ్గా తీసినా బలంగా నొక్కితే తప్ప తురుము రావడం లేదంటే, అప్పుడు నిజంగానే పళ్ళు అరిగినట్టు. వీటికి ఇంట్లో సాన పట్టడం కుదరదు, మార్చాల్సిందే.