గోడౌన్: మలయ్ మాటా, మన గిడ్డంగా?

ఇంగ్లీషులో ‘గోడౌన్’ ఎక్కణ్ణుంచి వచ్చింది? మూడు కథలు ప్రచారంలో ఉన్నాయి.

మెట్లు దిగి వెళ్లే కొట్టు కాబట్టి ‘గో డౌన్’ అన్నారన్నది మొదటిది. వినసొంపుగా ఉంటుంది గానీ నిలవదు. వెనిస్ వర్తకుడు సీజరె ఫెదెరీచి యాత్రాకథనం 1588లో ఇంగ్లీషులో అచ్చయింది. బర్మాలోని పెగూలో వర్తకులకు ఇటుకలతో కట్టిన కొట్లు ఉన్నాయని, విలువైన సరుకంతా ప్రమాదాల పాలు కాకుండా వాటిలో పెడతారని, వాటిని ‘గోడన్’ అంటారని అందులో ఉంది. అక్కడ దిగడమూ లేదు, ‘డౌన్’ అన్న పలుకూ లేదు. తెలియని మాటను తమ నోటికి తగ్గట్టు మలచుకోవడం ఇంగ్లీషువాళ్లకు అలవాటే. మన పందికొక్కును ‘బ్యాండికూట్’ చేసినవాళ్లు వాళ్లే.

రెండోది మలయ్ భాషలోని ‘గుదంగ్’. అర్థం అదే, సరుకుల కొట్టు. దారి కూడా దొరుకుతుంది. పోర్చుగీసువాళ్లు 1511లో మలయ్ రేవు మలక్కాను పట్టుకున్నారు. ఆ మాట వాళ్ల నోట్లో ‘గుదాఁవ్’ అయింది. చివరి ‘అంగ్’ పోర్చుగీసు ముక్కుపలుకులో కరిగిపోయింది. అక్కణ్ణుంచి ఇంగ్లీషు ‘డౌన్’ ఎంతో దూరం లేదు.

మూడోది మనది: తెలుగు గిడ్డంగి, తమిళ ‘కిడంగు’. తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండు; సరుకు పడి ఉండే చోటు కిడంగు. ఆంగ్లో-ఇండియన్ మాటలకు, అంటే ఇండియాలోని ఇంగ్లీషువాళ్ల వాడుక మాటలకు, 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, ఈ మాట తూర్పున మలయ్ వైపు రేవుల నుంచే ఇండియాకు చేరిందంటూనే, అసలు పుట్టుక దక్షిణాదిదే అయి ఉండాలంటుంది.

తేదీలు చూస్తే ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్ల దగ్గర నేరుగా నేర్చుకున్నారనడం కుదరదు. మచిలీపట్నంలో వాళ్ల వర్తకస్థానం 1611లో గానీ మొదలవలేదు; మాట అంతకు 23 ఏళ్ల ముందే అచ్చులో ఉంది. కాబట్టి దగ్గరి మూలం అడిగితే మలయ్‌కే ఓటు. దూరపు మూలమైతే దక్షిణాది వాదమే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ మాట వెనుక ‘కిడ’ అనే ధాతువు కూడా కనిపిస్తోంది.

ఇందులో తమిళమా తెలుగా అంటే తేల్చడం కష్టం. మొదటి హల్లు తెలుగు వైపు మొగ్గుతుంది: గిడ్డంగిలోనూ గుదంగ్‌లోనూ ‘గ’కారమే, తమిళంలో ‘క’. చివరి అచ్చు మాత్రం తమిళానిదే. ‘కిడంగు’లోని పొట్టి ‘ఉ’ రాలిపోవడం తేలిక, గిడ్డంగిలోని ‘ఇ’ అంత తేలిగ్గా పోదు. రెంటికీ అడ్డం వచ్చేది మొదటి అచ్చు. ‘కి’, ‘గి’ కాస్తా ‘గు’ ఎందుకయిందో చెప్పకుండా ‘ఇది మన మాటే’ అని ఢంకా బజాయించేవాళ్లను నమ్మక్కర్లేదు.

మన వాడుకలోని ‘గోదాము’ సంగతి వేరు. హిందీ ‘గుదామ్’ ఆంగ్లో-ఇండియన్ మాట నుంచే వచ్చి ఉంటుందని హాబ్సన్-జాబ్సన్ అంచనా. అదే నిజమైతే గిడ్డంగుల శాఖవాళ్లు గోదాముకు తాళం వేస్తున్నారంటే ఊరు వదలని మాటా, సముద్రం చుట్టి వచ్చిన మాటా ఒకే వాక్యంలో కలిసినట్టు.